వంటింట్లో కంప్యూటరు, ముందుగదిలో చెవులు

చప్పుడు కాకుండా నడవడం ఎలాగో దొంగలకు బడి పెట్టి నేర్పాల్సి వస్తే, నాంపల్లి స్టేషను వెనక సందులో ఉండే నళినిని పంతులమ్మగా పెట్టుకోవచ్చు. పెళ్లయి పద్నాలుగేళ్లు. ఆ పద్నాలుగేళ్ల సాయంత్రాలూ ఆవిడ సొంత ఇంట్లో పిల్లిలాగే తిరిగింది. గిన్నె మీద మూత చప్పుడు కాకూడదు. కుక్కరు కూత వెయ్యకూడదు. రోహిణి ఎండల్లో కూడా పంకా తిరగకూడదు. చివరికి చేతి గాజులు సైతం ఆరింటికి తీసి గూట్లో పెట్టి, ఎనిమిదింటికి మళ్లీ తొడుక్కునేది. ఎందుకంటారా? అయ్యగారు ఆ వేళకు పాటలు వింటారు మరి.

అయ్యగారంటే శ్యామ్‌సుందర్, సర్కారు దఫ్తరులో క్లర్కు. తాగడు, పేకాడడు, గొంతెత్తడు, చెయ్యి చేసుకోడు. నళిని తల్లిగారిల్లు దగ్గరే, గౌలిగూడలో. కానీ అక్కడికి పోయి ఏమని మొర పెట్టుకుంటుంది? మా ఆయన పాటలు వింటాడమ్మా అంటే, అదృష్టవంతురాలివే తల్లీ, ఇంకేం కావాలి అంటారు. ఒకసారి అన్నారు కూడా. అక్కడితో ఆవిడ ఆ ఊసు మానేసింది. కొట్టే మొగుడి గురించి నలుగురిలో చెప్పుకుని ఏడవచ్చు. వినే మొగుడి గురించి ఏమని ఏడుస్తారు?

పెళ్లికి ముందు నుంచీ నళిని కోఠిలో ఒక ప్రైవేటు బళ్లో తెలుగు చెప్పేది. గట్టి గొంతు. మేడ మీద క్లాసులో ఆవిడ పద్యం అందుకుంటే కింద బస్టాపులో నిలబడ్డవాళ్లు తలెత్తి చూసేవారట. అటువంటి మనిషి, కూతురు శ్రీనిధి పుట్టాక బడి మానేసి, సాయంత్రం పూట కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగాలన్నా కనుబొమలెగరేసి అడిగే దశకు వచ్చింది. శ్రీనిధి మాత్రం తెలివైన పిల్ల. పైకి చదివితేగాని పాఠం తలకెక్కదు గనక, సాయంత్రమయ్యేసరికి పుస్తకాలు చంకన పెట్టుకుని స్నేహితురాలింటికి పోయేది, ఎనిమిది దాటాకే వచ్చేది.

కాపురానికి వచ్చిన కొత్తల్లో క్యాసెట్లు, తర్వాత సీడీలు. వాటితో నళినికి పెద్ద పేచీ లేదు. ఆయనే పెట్టుకునేవాడు, ఆయనే వినేవాడు. కొంప ముంచింది కంప్యూటరు. సీడీ ప్లేయరులో లెన్సు మసకబారి పాట నడుమ గంతులెయ్యడం మొదలుపెట్టాక, శ్యామ్‌సుందర్‌కు ఆయన దోస్తు ఇజ్రాయేల్ ఒక ఉపాయం చెప్పాడు. ఇజ్రాయేల్ ఆబిడ్స్‌లో కంప్యూటర్ల దుకాణంలో పని చేస్తాడు. ఆదివారం పొద్దున సికింద్రాబాదులో చర్చికి పోయి కీబోర్డు వాయించి, ఆరాధన అయిపోగానే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల మధ్య పాత పాటల సీడీలు వెతుక్కుంటాడు. ఒక ఆదివారం అక్కడే ఇద్దరూ ఒకే సీడీ మీద చెయ్యి వేసి, నువ్వు తీసుకోమంటే నువ్వు తీసుకోమని మర్యాదలు పోయి, అలా స్నేహితులయ్యారు.

ఇజ్రాయేల్ చెప్పిన ఉపాయం ఇది. ఉన్న సీడీలన్నిటినీ ఉన్నదున్నట్టు, పిసరంత కూడా కుదించకుండా కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. అందులో మంచి సౌండు కార్డు వేయించుకోవాలి. అక్కణ్ణుంచి వైరు తీసుకెళ్లి యాంప్లిఫయరుకు తగిలించుకోవాలి. ఇక గీతలు పడే సీడీ ఉండదు, అరిగిపోయే లెన్సు ఉండదు. బజార్లో వందలకొద్దీ పాటలు కుక్కి అమ్మే ఎంపీత్రీ డిస్కులు మాత్రం ముట్టుకోవద్దు. అవి పాలు కావు, పాలగిన్నె కడిగిన నీళ్లు.

కంప్యూటరు వచ్చింది. పాట బ్రహ్మాండంగా వచ్చింది. దాంతోపాటు లోపలి పంకా రొద కూడా వచ్చింది. శ్యామ్‌సుందర్ ప్రాణానికి అది రంపం పెట్టి కోసినట్టు ఉండేది. మొదట దాని మీద దిండు పెట్టాడు. తర్వాత చుట్టూ థర్మాకోల్ కట్టాడు. దాంతో అది ఉడికిపోయి దానంతటదే ఆగిపోయింది. చివరికి మేస్త్రీని పిలిపించి ముందుగదికీ వంటింటికీ నడుమ గోడకు కన్నం కొట్టించాడు. కంప్యూటరు తెచ్చి వంటింట్లో బియ్యం డబ్బా పక్కన బల్ల మీద పెట్టి, కన్నంలోంచి వైరు లాగాడు. ముందుగదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆహా, ఏమి సుఖం!

మరి పాట మార్చాలంటే? ఆయన కుర్చీ రెండు స్పీకర్లకూ సరిగ్గా నడుమ కొలతలు తీసి వేసింది. అందులోంచి లేచి వస్తే చెవి చెదిరిపోతుందట, మళ్లీ కుదురుకోవడానికి ఒక పాట పడుతుందట. మరి వంటింట్లో ఎలాగూ ఉండేది ఎవరు? ఇంకెవరు, నళినే. ఆయన ఒక చప్పట కొడితే ఈ పాట దాటెయ్యాలి, రెండు కొడితే మళ్లీ అదే పెట్టాలి. మాట్లాడకూడదు. అన్నీ వరసగా పెట్టి వదిలేస్తే పోలేదా అని ఆవిడ అడగకపోలేదు. ఏది మనసుకు పడుతుందో, ఏది దాటెయ్యాలో వినకముందే ఎట్లా తెలుస్తుంది అన్నాడాయన. ఆ రోజు నుంచి పిండి చేతులు కడుక్కుని మౌసు పట్టుకోవడం, మౌసు వదిలి పోపు వెయ్యడం. మూడేళ్లు అలాగే నడిచింది. ముందుగదిలో పోయిన రొద పోయి ఆవిడ నెత్తిన పడింది.

రెండువేల ఏడు జూన్‌లో వసుమతి రమ్మని కబురు పెట్టింది. కోఠి బళ్లో నళినికి పైన పనిచేసిన పెద్ద టీచరు ఆమె. ఇప్పుడు ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైఅంతస్తులో సాయంత్రం ట్యూషన్లు నడుపుతోంది. వచ్చే పిల్లల్లో ఎక్కువమంది బేగంబజారు వ్యాపారుల పిల్లలు. ఇంట్లో మార్వాడీ, వీధిలో హిందీ, బళ్లో మాత్రం తెలుగు పరీక్ష. ఒత్తులంటే హడలు.

"నీ అంత ఓపికతోటి చెప్పెటోళ్లు నాకు దొరుకుతలేరు నళినీ," అంది వసుమతి. "ఆరింటికొచ్చి ఏడున్నరకు పో. సోమారం నుంచి రా. రాకుంటే మాత్రం వేరే ఆమెను పెట్టుకుంట, నాకు తప్పదు."

ఆ పూట నళిని ఇంటికి నడిచి వచ్చిందో, గాల్లో తేలి వచ్చిందో ఆవిడకే తెలియదు. అన్నం వడ్డిస్తూ భర్తకు చెప్పింది. ఆయన ముద్ద కలుపుతూ శ్రద్ధగా విన్నాడు.

"పో. నేను వద్దన్ననా?" అన్నాడు, నిజంగానే మంచి మనసుతో. "కానీ గీడ గిది ఎవరు చూస్తరు?"

ఇక అయిపోయింది. వద్దంటే పోట్లాడవచ్చు, అలగవచ్చు, గౌలిగూడ పోయి నాలుగు రోజులు కూర్చోవచ్చు. పొమ్మన్న మనిషితో ఏమని పోట్లాడతారు? అడకత్తెరలో పోకచెక్క కూడా ఇంతకంటే సుఖంగా ఉంటుంది, దానికి కనీసం ఒక్క దెబ్బతో తీరిపోతుంది. నళిని ఆ రాత్రి అన్నం ముందు కూర్చుందేగాని తినలేదు.

మర్నాడు కూరగాయలకని బయల్దేరి తిన్నగా ఇజ్రాయేల్ దుకాణానికి పోయింది. రొద చెయ్యని కంప్యూటరు లోకంలో లేదా అని అడిగింది. ఉందన్నాడాయన. తన ల్యాప్‌టాపునే చూపించాడు. చెవి ఆనించి వింటేగాని దాని పంకా తెలియదు. దానికి ఒక వైరుతో సబ్బుపెట్టె అంత డబ్బా తగిలించి ఉంది. కంప్యూటరులో పాట అంతా అంకెలుగానే ఉంటుంది, ఆ అంకెల్ని మళ్లీ పాటగా మార్చే పని ఈ డబ్బాది అన్నాడు. ఇది పెట్టుకుంటే శ్యామన్న ముందుగదిలో, తన కుర్చీలో కూర్చునే, తన వేలితోనే నొక్కుకోవచ్చు.

నళిని గుండె ఒక్క గంతు వేసింది. మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమని నిలదీసింది. చెప్పాను వదినా, పెద్ద సౌండు కార్డు ముందు ఇదెంత అని శ్యామన్న కొట్టిపారేశాడు అన్నాడు ఇజ్రాయేల్. ఆవిడ మొహం చూసి ఆయనకే జాలేసింది. ఆదివారం పట్టుకొస్తాను, రెండిటినీ కళ్లు మూసుకుని విని తేల్చుకోమందాం అన్నాడు. ఏది గెలిస్తే అది ఇంట్లో ఉంటుంది. ల్యాప్‌టాపు గెలిస్తే నళిని సోమవారం ఆబిడ్స్ పోతుంది. ఇదొక్కటే ఆవిడ ఆశ.

ఆదివారం మధ్యాహ్నం దాటాక రెండు యంత్రాలూ వంటింట్లో పక్కపక్కన కూర్చున్నాయి. రెండిట్లోనూ ఒకే సితారు పాట. రెండు వైర్లూ ఒక చిన్న పెట్టెలోకి పోతాయి. దానికి మీట ఉంది. ఇటు తిప్పితే ఇది మోగుతుంది, అటు తిప్పితే అది. ఒకటోది మోగించేటప్పుడు గోడ మీద గరిటెతో ఒక దెబ్బ కొట్టాలి, రెండోదానికి రెండు దెబ్బలు. ఏది ఒకటో ఏది రెండో వదినకు తప్ప ఎవరికీ తెలియగూడదు అన్నాడు ఇజ్రాయేల్. మగవాళ్లిద్దరూ ముందుగదికి పోయి కళ్లు మూసుకున్నారు.

నళిని మొదట నిజాయితీగానే మొదలుపెట్టింది. పాత కంప్యూటరును ఒకటనుకుంది, ల్యాప్‌టాపును రెండనుకుంది. ఒక దెబ్బ, తర్వాత రెండు దెబ్బలు. కన్నంలోంచి మాటలు వినపడుతున్నాయి. రెండోదాంట్లో గాలి ఎక్కువున్నదని ఒకరంటే, మొదటిదాంట్లో నిండుతనమున్నదని ఇంకొకరు. మూడోసారి మీట తిప్పబోతుండగా పొయ్యి మీద పాలు పొంగాయి. అటు పరుగెత్తి గిన్నె దించి, ఆ కంగారులో మీట సంగతే మరిచి, గోడ మీద ఒక దెబ్బ కొట్టింది. మోగుతున్నది ఇంకా ల్యాప్‌టాపే.

"గిది! ఒకటోదంటే గిది," అన్నాడు శ్యామ్‌సుందర్ కళ్లు మూసుకునే. "తీగ మీద గోరు తగిలేది గూడ ఇనబడుతుంది. రెండోదాంట్ల గా గోరెక్కడిది?"

ఔను అన్నా, ఔను అన్నాడు ఇజ్రాయేల్.

నళిని చెయ్యి గరిటె మీదే ఉండిపోయింది. మీట ముట్టుకోకుండా రెండు దెబ్బలు కొట్టింది. గాలి మళ్లీ వచ్చింది కాని గోరు పోయిందన్నారు అవతల. మీట ముట్టుకోకుండా ఒక దెబ్బ కొట్టింది. అబ్బ, గోరు వచ్చిందన్నారు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నాడట వెనకటికెవడో!

ముందు నవ్వొచ్చింది. చెంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి నవ్వు పోయి ఒళ్లు మండింది. ఈ చెవి కోసమా ఎండాకాలాలు పంకా లేకుండా ఉడికింది? ఈ చెవి కోసమా కన్నకూతురు పాఠం చదువుకోవడానికి పరాయి ఇంటికి పోయింది? గాజులు తీసి గూట్లో పెట్టిన సాయంత్రాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఇద్దరూ వంటింట్లోకి వచ్చారు. శ్యామ్‌సుందర్ మొహం వెలిగిపోతోంది. ఒకటోదే గెలిచింది, సందేహం లేదు అన్నాడు. ఇంతకీ ఒకటోది ఏది, మన పాతదా, ల్యాప్‌టాపా?

ఒక్క మాట. ల్యాప్‌టాపు అంటే చాలు, సాయంత్రాలు ఆవిడవి. ఆ మాట పెదవి దాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట అంటే, పద్నాలుగేళ్లు తనను కట్టేసిన చెవే ఈ రోజు తనను వదిలిపెట్టినట్టవుతుంది. చూశావా, నా చెవి ఎంత గొప్పదో అని ఆయన బతుకంతా చెప్పుకుంటాడు. తను ఆ చెవి వేసిన భిక్షతో ఆబిడ్స్ పోవాలి. నళినికి అది మింగుడు పడలేదు.

"మూడోసారి నుంచి నేను మార్చనే లేదండీ," అంది. "ఉత్తగ గరిటె కొట్టిన, గంతే. మీరిన్నదంతా ఒక్కటే."

ఇజ్రాయేల్ పెద్దగా నవ్వి, నవ్వేవాళ్లు ఇంకెవరూ లేరని చూసుకుని ఆపేశాడు. శ్యామ్‌సుందర్ గరిటె దెబ్బలు పడ్డ గోడను తడిమి చూశాడు. ఇప్పుడు కోపగించుకుంటాడు, లేదా సిగ్గుపడతాడు, ఏదైనా మేలే, ఇక్కడితో ఈ చెర వదిలింది అనుకుంది నళిని.

"గరిటె చప్పుడుకు చెవి మోసపోయింది," అన్నాడాయన చివరికి, చాలా శాంతంగా. "నా చెవిది తప్పు కాదు. చప్పుడు చెయ్యకుంట మార్చు. ఎప్పుడు మారుస్తవో చెప్పకు. నేనే పట్టుకుంట. రేపటి సంది రోజు, ఆరింటికెల్లి ఎనిమిదింటిదాక. తేలేదాక."

ఇజ్రాయేల్ తలొంచుకుని, ల్యాప్‌టాపును అక్కడే వదిలి వెళ్లిపోయాడు. నిజం చెప్పినందుకు నళినికి దక్కింది ఇది. మూడేళ్లుగా ఒక కంప్యూటరుకు కాపలా ఉన్న మనిషి ఇప్పుడు రెండిటికి కాపలా. కూర్చున్న కొమ్మను తానే నరుక్కున్నానని ఆ సాయంత్రమంతా తనను తాను తిట్టుకుంది.

సోమవారం మధ్యాహ్నం రానని చెబుదామని వసుమతికి ఫోను చేయబోయింది. రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని రెండుసార్లూ పెట్టేసింది. రేపు చెబుదాం అనుకుంది. రేపైతే ఆ పని ఇంకొకరిదైపోతుందని తెలిసీ అలా అనుకుంది.

శ్యామ్‌సుందర్ దఫ్తరు నుంచి పెందలాడే వచ్చాడు. స్నానం చేశాడు. మీట పొరపాటున కంట పడితే పరీక్ష చెడిపోతుంది, రేపు ఎవరైనా దొంగతనంగా చూశాడంటారు అంటూ నడిమి తలుపు వేశాడు. అవతలి వైపు నుంచి గడియ పెట్టాడు.

ఆ గడియ పడ్డ చప్పుడుకు నళిని తలుపుకేసి తిరిగింది. ఆవిడను బంధించాలని కాదు ఆయన పెట్టింది. ఆవిడను ఏదైనా చెయ్యాలని ఆయన ఏనాడూ ఏమీ చెయ్యలేదు. ఆవిడ ఊసే ఆ గడియలో లేదు. సితారు పెట్టింది. రెండు కంప్యూటర్లు, ఒక పొయ్యి, మూడింటి వేడితో వంటిల్లు కుతకుతలాడుతోంది. ఏం చెయ్యాలో తోచక బియ్యం డబ్బా మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"ఇప్పుడు మార్చినవ్!" అన్నాడు శ్యామ్‌సుందర్ గోడ అవతల నుంచి.

ఆవిడ దేన్నీ ముట్టుకోలేదు. కాసేపయ్యాక, మల్ల మొదటిదానికొచ్చినవ్ అన్నాడు. ఆవిడ తన చేతివైపు చూసుకుంది. అది ఇంకా బియ్యం డబ్బా మీదే ఉంది.

అప్పుడు తట్టింది. ఆయన చప్పట్లు కొట్టడు. పాట మార్చమనడు. తలుపు తియ్యడు, తీస్తే పరీక్ష చెడుతుంది. ఒకే పాట అలా తిరుగుతూ ఉంటే చాలు. పాటను ఆగకుండా తిరిగేలా పెట్టడం మూడేళ్ల అనుభవమున్న నళినికి చిటికెలో పని. మౌసు రెండుసార్లు నొక్కి, పొయ్యి ఆర్పి, పెరటి తలుపు తీసింది. మంచి చెప్పులు ముందుగదిలో ఉండిపోయాయి. కొళాయి దగ్గర రబ్బరు చెప్పులుంటే అవే తొడుక్కుని వెనక సందులో పడింది. ఒకటే భయం. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని కాదు, ఆ సితారు ఎక్కడ ఆగిపోతుందోనని. స్టేషను రోడ్డు మీదికి వచ్చాక ఆటోల మోతలో ఆ భయం కూడా వినపడలేదు. ఆబిడ్స్ దాకా గబగబా, చెప్పులు టపటపలాడించుకుంటూ నడిచింది.

క్లాసు మొదలై పావుగంట దాటింది. వసుమతి ఆవిడ కాళ్లకున్న చెప్పులు చూసింది, మొహం చూసింది, ఏమీ అడగకుండా సుద్దముక్క చేతికిచ్చింది. నళిని బోర్డు మీద ఒక మాట రాసి, చదివి వినిపించింది.

"టీచర్, వినొస్తలేదు," అంది వెనక బెంచీ పిల్ల.

నళిని మళ్లీ చదివింది. మళ్లీ గుసగుసే వచ్చింది. పద్నాలుగేళ్ల అలవాటు కదా, గొంతు బయటికి రానంటోంది. పిల్లలు మొహాలు చూసుకున్నారు. ఆవిడ కళ్లు తుడుచుకుని, దగ్గి, గోడలు అదిరేటట్టు చదివింది. పిల్లలు ఉలిక్కిపడి నవ్వారు. తర్వాత అంతా కలిసి అదే మోతతో తిరిగి చదివారు. ఏడున్నర ఎప్పుడైందో తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం మళ్లీ భయం పట్టుకుంది. తలుపు తీసి చూసే ఉంటాడు, పెరట్లో నిలబడి ఉంటాడు, శ్రీనిధిని పిలిపించి వెతకడానికి పంపి ఉంటాడు. ఏం చెప్పాలో దారంతా కూర్చుకుంటూ వచ్చింది. పెరట్లో ఎవరూ లేరు. వంటింట్లో సితారు అలాగే తిరుగుతోంది. నడిమి తలుపు గడియ అలాగే ఉంది. ఊపిరి తిప్పుకుంటూ ఉండగానే అవతల నుంచి, గిప్పుడు రెండోదానికి మార్చినవ్ అని వినపడింది.

ఎనిమిదింటికి గడియ తీసుకుని శ్యామ్‌సుందర్ వచ్చాడు. పండగ చేసుకున్న మొహం.

"నువ్వు మార్చినప్పుడల్లా పట్టిన. ఒక్కటి గూడ పోలే," అన్నాడు. "ఔనా, కాదా?"

ఆవిడ వేళ్ల నిండా సుద్ద ఉంది. కాళ్లకు రోడ్డు దుమ్ము ఉంది. దాచుకోవాలన్న సంగతి కూడా అప్పటికి తట్టలేదు, ఆయన చూడనూ లేదు. దొరికిపోతానేమోనని దారంతా చచ్చినంత పనైన మనిషికి, దొరకనందుకు సంతోషం కలగాలి. కలిగింది కూడా. దాని కిందనే ఇంకొకటి చివుక్కుమంది. అంతసేపు ఈ ఇంట్లో తను లేదు. తీగ మీద గోరు తగిలితే వినపడే చెవికి ఆ సంగతి వినపడలేదు.

"ఔ," అంది నళిని. "రేపు గూడ మారుస్త."